ఖగోళ దర్శి వైను బప్పు

పాఠ్యోద్దేశం

ఆకాశ జ్యోతుల గతిని గమనించి లెక్కగట్టడం భారతీయులకు ఆర్యభటుని కాలం నాటి నుంచి పరిచితమైన విద్య. ఆ విద్యకు ఆధునిక పరికరాలను సమకూర్చి, స్వతంత్ర భారతంలో ఖగోళ భౌతిక శాస్త్రానికి బలమైన పునాది వేసిన మహనీయుడు వైను బప్పు. ఆయన జీవితాన్నీ, గ్రహవలయాల అన్వేషణలో ఆయన, ఆయన సహచరులు చేసిన కృషినీ విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సౌరకుటుంబంలో అందరి చూపులనూ ఆకర్షించే గ్రహం శని. ఆ గ్రహాన్ని చుట్టి ఉన్న వలయాలే దాని సౌందర్యానికి కారణం. 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో శనిని చూసినప్పుడు ఆ ఆకారం ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. అది గ్రహాన్ని తాకకుండా చుట్టి ఉన్న పలుచని వలయమని ఆ తరువాత హైగన్స్ వివరించాడు. 1675లో కసీని ఆ వలయంలో ఒక చీలికను కనుగొన్నాడు. 1852లో మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ జేకబ్, శని లోపలి మసక వలయం గుండా గ్రహబింబం కనిపించడాన్ని గమనించి, ఆ వలయం పారదర్శకమని గుర్తించినవారిలో ఒకడయ్యాడు. ఇలా వలయాల కథలో దక్షిణ భారతానికి మొదటినుంచీ ఒక చోటు ఉంది. అయితే వలయాలు శనికి మాత్రమే ఉన్నాయన్న నమ్మకం మూడు శతాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. 1977లో ఆ నమ్మకాన్ని సడలించిన పరిశీలనలలో ఒకటి తమిళనాడులోని ఒక చిన్న కొండపల్లెలో జరిగింది. ఆ పల్లెలో వేధశాలను నెలకొల్పినవారు హైదరాబాదులో పెరిగి పెద్దవాడైన వైను బప్పు.

మానలి కల్లాట్ వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి పూర్వికులు ఉత్తర కేరళకు చెందినవారు. అయినా ఆయన పెరిగినదీ, చదువుకొన్నదీ, ఆకాశాన్ని చదవడం నేర్చుకొన్నదీ హైదరాబాదులోనే. తండ్రి నిజామియా వేధశాలలో ఖగోళ శాస్త్రజ్ఞులుగా పనిచేసేవారు. నవాబు జఫర్ జంగ్ 1901లో సొంత ధనంతో ప్రారంభించిన ఆ వేధశాల ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చి, బేగంపేటలో స్థిరపడింది. అక్కడ పదిహేను అంగుళాల వ్యాసం గల దూరదర్శినితో పాటు ఆకాశాన్ని ఛాయాచిత్రాలు తీయడానికి ప్రత్యేకంగా నిర్మించిన మరొక పరికరం కూడా ఉండేది.

ఆ పరికరానికి ఒక విశేష చరిత్ర ఉంది. ఆకాశమంతటినీ భాగాలుగా పంచుకొని, గాజు పలకలపై ఛాయాచిత్రాలు తీసి, నక్షత్రాల పట్టికలను సిద్ధం చేయాలని 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు తలపెట్టారు. ఆ బృహత్కార్యంలో ఒక భాగం నిజామియా వేధశాలకు లభించింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను ఏళ్ల తరబడి కొలిచి, వేధశాల సిబ్బంది సంపుటాలుగా ప్రకటించారు. ఒక్కొక్క పలకను భూతద్దం కింద ఉంచి చుక్క వెనుక చుక్కను కొలిచే ఆ ఓర్పుగల వాతావరణంలో బాలుడైన బప్పు పెరిగారు. వెలుగును పలకపై పట్టి నిలపవచ్చుననీ, ఆ పలకను తీరిక వేళ పరిశీలిస్తే కంటికి అందని సత్యాలు బయటపడతాయనీ ఆయన పసితనంలోనే గ్రహించారు.

నిజాం కళాశాలలో చదివే రోజులలోనే బప్పు వెలుగు హెచ్చుతగ్గులయ్యే చరనక్షత్రాలను పరిశీలించి, 1946లో పరిశోధన వ్యాసాలు ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందారు. ఆనాడు మన దేశంలో ఖగోళ శాస్త్రాన్ని ఉన్నత స్థాయిలో అభ్యసించే అవకాశాలు స్వల్పం. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు.

హార్వర్డ్‌లో అడుగుపెట్టిన కొద్ది నెలలకే ఆయనకు ఒక అపూర్వమైన అవకాశం ఎదురైంది. 1949 జులై 2న తీసిన ఒక ఛాయాచిత్ర పలకను పరిశీలిస్తుండగా, నక్షత్రాల చుక్కల నడుమ ఒక వింత చార ఆయన దృష్టిలో పడింది. అది అంతవరకు ఎవరూ ఎరుగని తోకచుక్క. అధ్యాపకుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గార్డన్ న్యూకర్క్ ఆ ఆవిష్కారాన్ని నిర్ధారించడంలో పాలుపంచుకొన్నారు. ఆ తోకచుక్కకు బప్పు, బాక్, న్యూకర్క్ పేర్లు కలిపి పెట్టారు. అది తిరిగి రావడానికి సుమారు 60 వేల సంవత్సరాలు పడుతుందని లెక్కగట్టారు. పసిఫిక్ ఖగోళ సంఘం వారు బప్పుకు డోనహో పతకాన్ని బహూకరించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్లు.

1952లో డాక్టరేటు పొందిన తరువాత బప్పు కార్నెగీ సంస్థ వేతనంతో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలలో పరిశోధన సాగించారు. ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్దదైన రెండువందల అంగుళాల దూరదర్శిని పాలోమార్ కొండపైనే ఉండేది. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించారు. సూర్యుని వంటివీ, అంతకంటె చల్లనివీ అయిన నక్షత్రాల వెలుగులో కాల్షియం మూలకం ఒక ప్రత్యేకమైన గీతను ఏర్పరుస్తుంది. ఆ గీత నడుమ కనిపించే ప్రకాశ భాగం వెడల్పుకూ, నక్షత్రపు నిజమైన కాంతికీ సంబంధం ఉందని వారిరువురూ కనుగొన్నారు. 1957లో ప్రకటితమైన ఈ ఫలితానికి విల్సన్-బప్పు ప్రభావమన్న పేరు స్థిరపడింది. ఒక దీపం నిజంగా ఎంత కాంతిమంతమో తెలిస్తే, అది కంటికి ఎంత మసకగా కనిపిస్తున్నదో చూసి దాని దూరాన్ని అంచనా వేయవచ్చు. అదే విధంగా ఒక గీత వెడల్పును కొలిచి నక్షత్రం దూరాన్ని నిర్ణయించే సాధనాన్ని ఈ పరిశోధన శాస్త్రజ్ఞుల చేతికి ఇచ్చింది.

అంతటి కీర్తి ఆర్జించిన యువకునికి విదేశాలలో ఉద్యోగాలకు కొదవ ఉండదు. కాని బప్పు 1953లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో ప్రారంభించిన వేధశాల బాధ్యత స్వీకరించి, దానిని హిమాలయ సానువులలోని నైనితాల్‌కు తరలించారు. ఆకాశం నిర్మలంగా ఉండే చోటును వెదకడం, భవనాలు కట్టించడం, పరికరాలు తెప్పించడం, యువకులకు శిక్షణ ఇవ్వడం అన్నీ ఆయన పనులే అయ్యాయి. 1960లో కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులుగా వెళ్లారు. 1792 నాటి మద్రాసు వేధశాల వారసత్వం ఆ సంస్థదే. అది సూర్యుని పరిశీలనకు ప్రసిద్ధికెక్కినది. రాత్రి ఆకాశాన్ని శోధించే పెద్ద దూరదర్శిని మాత్రం దక్షిణ భారతంలో ఇంకా తగినచోట నెలకొనవలసి ఉంది.

దక్షిణాన వేధశాల ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. పల్నాటి సీమలోని దాచేపల్లి నుంచి శీతకాలపు రాత్రి దక్షిణ దిక్కుకు చూస్తే అగస్త్య నక్షత్రం దిగంతానికి సుమారు ఇరవై డిగ్రీల ఎత్తున తళతళలాడుతూ కనిపిస్తుంది. నైనితాల్ నుంచి చూస్తే అదే నక్షత్రం ఎనిమిది డిగ్రీల ఎత్తుకు మించి రాదు. దిగంతానికి దగ్గరగా ఉన్న చుక్కల వెలుగు ధూళితో నిండిన దట్టమైన గాలిపొరల గుండా రావడం వలన మసకబారుతుంది. భూమధ్యరేఖకు చేరువయ్యే కొద్దీ దక్షిణాకాశం పైకి లేస్తుంది. ఇది తెలిసిన బప్పు తమిళనాడులోని జావాది కొండలలో, సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున ఉన్న కావలూరు గ్రామాన్ని ఎన్నుకొన్నారు. అక్కడ అగస్త్య నక్షత్రం ఇరవై అయిదు డిగ్రీల దాకా ఎక్కుతుంది. చుట్టూ అడవి. పట్టణాల దీపకాంతి సోకని చీకటి ఆ కొండల సంపద.

1968లో కావలూరులో 38 సెంటీమీటర్ల దూరదర్శిని పని ప్రారంభించింది. దానిని విదేశాల నుంచి కొనలేదు. కొడైకెనాల్ కర్మశాలలోనే తయారుచేశారు. 1971లో ఈ వేధశాలలన్నీ భారత ఖగోళ భౌతిక సంస్థ అనే స్వతంత్ర సంస్థగా రూపొందాయి. బప్పు దానికి సంచాలకులయ్యారు. 1972లో జర్మనీ నుంచి తెప్పించిన ఒక మీటరు వ్యాసం గల దూరదర్శిని కావలూరులో నెలకొన్నది.

ఆ దూరదర్శినికి తొలి పరీక్ష వెంటనే ఎదురైంది. 1972 జూన్ 7 రాత్రి గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్లనున్నదని లెక్కలు తెలిపాయి. గాలి లేని గోళం అడ్డు వస్తే నక్షత్రం ఊదిన దీపంలా ఒక్కసారిగా ఆరిపోతుంది. గోళం చుట్టూ వాతావరణం ఉంటే క్రమంగా మసకబారి ఆరుతుంది. కావలూరులోనూ, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోనూ శాస్త్రజ్ఞులు ఆ దృశ్యాన్ని నమోదు చేశారు. గానిమీడ్‌కు వాతావరణం ఉన్నదని ఆ పరిశీలనల ఆధారంగా 1973లో ప్రకటించారు. అయితే 1979లో గురుగ్రహం సమీపం నుంచి సాగిపోయిన వాయేజర్ 1 వ్యోమనౌక కొలతలు ఆ ఫలితాన్ని బలపరచలేదు. అంతటి వాతావరణం అక్కడ లేదని తేలింది. 1990లలో హబుల్ దూరదర్శిని గానిమీడ్ చుట్టూ అత్యంత పలుచని ఆక్సిజన్ పొరను గుర్తించింది. ఒక తరం వేసిన అంచనాను మరొక తరం సరిదిద్దడం శాస్త్ర మార్గంలో సహజం.

అయిదేళ్ల తరువాత అదే దూరదర్శిని మరొక గొప్ప సంఘటనకు సాక్షి అయింది. 1781లో విలియం హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహం సూర్యునికి దాదాపు 287 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నది. భూమి నుంచి చూస్తే అది పెద్ద దూరదర్శినిలో సైతం చిన్న బింబం మాత్రమే. 1977 మార్చి 10న ఆ గ్రహం తులారాశిలోని ఒక నక్షత్రానికి అడ్డు రానున్నది. ఆ సమయంలో నక్షత్రపు వెలుగును కొలిస్తే గ్రహం పరిమాణాన్నీ, దాని వాతావరణాన్నీ తెలుసుకోవచ్చునని పలు దేశాల శాస్త్రజ్ఞులు సిద్ధమయ్యారు. అమెరికా శాస్త్రజ్ఞులు జేమ్స్ ఇలియట్, ఆయన సహచరులు దూరదర్శినిని అమర్చిన విమానంలో హిందూ మహాసముద్రంపై ఎగిరారు. కావలూరులో జగదీశ్ చంద్ర భట్టాచార్య, కుప్పుస్వామి ఒక మీటరు దూరదర్శినిని ఆ నక్షత్రం వైపు తిప్పి వేచి ఉన్నారు.

గ్రహం నక్షత్రాన్ని సమీపించకముందే ఒక వింత జరిగింది. నక్షత్రపు వెలుగు కొన్ని సెకన్లపాటు తగ్గి, మళ్లీ యథాస్థితికి వచ్చింది. గ్రహానికి ఇంకా ఎంతో దూరాన ఉన్న నక్షత్రాన్ని మరుగుపరచినది ఏమిటి? యురేనస్‌కు అంతవరకు తెలియని ఉపగ్రహం ఒకటి అడ్డు వచ్చి ఉంటుందని కావలూరు శాస్త్రజ్ఞులు మొదట భావించి, ఆ విషయాన్ని ప్రకటించారు. విమానంలోని వారికి మరింత స్పష్టమైన ఆధారం లభించింది. గ్రహం రాకముందు నక్షత్రం అయిదుసార్లు మినుకుమంది. గ్రహం దాటిపోయిన తరువాత మళ్లీ అయిదుసార్లు అదే వరుసలో, వెనుకనుంచి ముందుకు మినుకుమంది.

ఈ సూక్ష్మాన్ని ఊహించడం కష్టం కాదు. చీకటి రాత్రి దూరాన వెలుగుతున్న లాంతరుకు అడ్డంగా ఎడ్లబండి సాగిపోతున్నదనుకొందాం. బండి కంటికి కనిపించకపోయినా, చక్రం అడ్డు వచ్చిన ప్రతిసారి లాంతరు వెలుగు తెగి తెగి కనిపిస్తుంది. ఆ తెంపులను లెక్కించి చక్రం ఆకారాన్ని చెప్పవచ్చు. అదే విధంగా గ్రహానికి ఇరువైపులా సమాన దూరాలలో వెలుగు తగ్గినదంటే, అడ్డు వచ్చినది ఒక ఉపగ్రహం కాదు, గ్రహాన్ని చుట్టి ఉన్న వలయాలే.

ఈ వార్త తెలియగానే కావలూరులో నమోదైన రేఖలను బప్పు, భట్టాచార్య తిరిగి శ్రద్ధగా పరిశీలించారు. మొదట కనిపించిన పెద్ద తగ్గుదలకు తోడు మరికొన్ని సన్నని తగ్గుదలలు కూడా ఆ రేఖలలో ఉన్నట్లు గుర్తించారు. తొలి ప్రకటనను పట్టుకొని వేలాడకుండా, తమ ఆధారాలు సైతం వలయాలనే సూచిస్తున్నాయని వివరిస్తూ అదే సంవత్సరం నేచర్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. వలయాలను తొలుత నిర్ధారించిన ఘనత ఇలియట్ బృందానికే దక్కింది. భూమిపై నుంచి ఆ ఛాయను పట్టుకొన్న కొద్ది చోట్లలో ఒకటిగా కావలూరు పేరు శాస్త్ర చరిత్రలో నిలిచింది. ఒక మీటరు దూరదర్శిని గల దేశం కూడా తగిన వేళ, తగిన చోట, మెలకువతో నిలిస్తే ప్రపంచ విజ్ఞానానికి తోడ్పడగలదని ఆ రాత్రి నిరూపించింది.

అయితే ఆ వలయాలను అప్పటికి ఎవరూ కంటితో చూడలేదు. అందరూ చూసినది వాటి నీడను మాత్రమే. శని వలయాలు మంచుతో నిండి ఉండడం వలన ధవళకాంతితో మెరుస్తాయి. యురేనస్ వలయాలు బొగ్గువలె నల్లనివి. పైగా అతి సన్ననివి. వాటిని సమీపం నుంచి ఛాయాచిత్రం తీయాలంటే వ్యోమనౌక అక్కడికి వెళ్లవలసిందే. ఆ వలయాలు బయటపడిన అయిదు నెలలకు, 1977 ఆగస్టు 20న వాయేజర్ 2 అమెరికా నుంచి బయలుదేరింది. 1979లో గురుగ్రహాన్నీ, 1981లో శనినీ దర్శించి, యురేనస్ దిశగా సాగింది.

ఈ కాలంలో బప్పు మరొక మహాసంకల్పంలో నిమగ్నులై ఉన్నారు. 2.34 మీటర్ల వ్యాసం గల దూరదర్శినిని పూర్తిగా మన దేశంలోనే రూపొందించి నిర్మించాలన్నది ఆయన ఆశయం. డబ్బు చెల్లించి విదేశాల నుంచి తెప్పించడం సులభమైన మార్గం. కాని తయారుచేయడం తెలిసినవారికే దానిని మెరుగుపరచడం కూడా తెలుస్తుందని ఆయన విశ్వాసం. దర్పణానికి కావలసిన గాజు దిమ్మెను మాత్రమే విదేశాల నుంచి తెప్పించారు. దానిని అరగదీసి నునుపుచేసే పని బెంగళూరులోని సంస్థ ప్రయోగశాలలోనే సాగింది. భారీ లోహ భాగాలను వాల్‌చంద్‌నగర్ కర్మాగారం తయారుచేసింది. దర్పణపు ఉపరితలంలో వెంట్రుక మందంలో అతి స్వల్ప భాగమంత దోషం ఉన్నా నక్షత్రం చెదిరిపోయి కనిపిస్తుంది. అందుకే ఆ పనికి ఏళ్లు పట్టాయి.

దేశవిదేశాలు బప్పు ప్రతిభను గుర్తించాయి. 1970లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. 1982లో గ్రీసు దేశంలోని పాత్రాస్ నగరంలో ఆ సంఘం మహాసభ జరగవలసి ఉంది. ఆ ప్రయాణంలో ఉండగా ఆయన అస్వస్థులయ్యారు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో గుండెకు శస్త్రచికిత్స జరిగింది. అయినా ఫలితం లేకపోయింది. 1982 ఆగస్టు 19న, యాభై అయిదేళ్ల వయస్సులో వైను బప్పు కన్నుమూశారు. ఆయన అధ్యక్షత వహించవలసిన సభ ఆయన లేకుండానే జరిగింది. ఆయన కలగన్న దూరదర్శిని అప్పటికి పూర్తి కాలేదు. వాయేజర్ 2 ఇంకా దారిలోనే ఉంది.

సహచరులు, శిష్యులు దూరదర్శిని నిర్మాణాన్ని ఆపలేదు. 1986 జనవరి 6న నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కావలూరు వేధశాలకూ, ఆ దూరదర్శినికీ వైను బప్పు పేరు పెట్టి జాతికి అంకితం చేశారు. అది ఆనాడు ఆసియాలోని పెద్ద దూరదర్శినులలో ఒకటి. సరిగ్గా పద్దెనిమిది రోజుల తరువాత, జనవరి 24న వాయేజర్ 2 యురేనస్ మేఘాలకు 81,500 కిలోమీటర్ల దూరం నుంచి సాగిపోయింది.

అక్కడ ఛాయాచిత్రం తీయడం సామాన్యమైన పని కాదు. యురేనస్ వద్ద సూర్యకాంతి భూమి మీద పడే కాంతిలో సుమారు 370వ వంతు మాత్రమే. మసక వెలుగులో చిత్రం తీయాలంటే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. వ్యోమనౌక మహావేగంతో కదులుతున్నందున ఆ సమయంలో చిత్రం చెదిరిపోతుంది. అందుచేత కదులుతున్న దృశ్యాన్ని అనుసరించి వ్యోమనౌక మొత్తాన్ని నెమ్మదిగా తిప్పుతూ చిత్రాలు తీసే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు అనుసరించారు. ఆ చిత్రాల సంకేతాలు భూమిని చేరడానికి దాదాపు రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పట్టింది.

ఆ చిత్రాలలో నల్లని వలయాలు స్పష్టంగా కనిపించాయి. అంతకుముందు ఎరుగని రెండు కొత్త వలయాలూ, పది చిన్న ఉపగ్రహాలూ వెలుగులోకి వచ్చాయి. వెలుపలి పెద్ద వలయానికి ఇరువైపులా రెండు చిన్న ఉపగ్రహాలు కాపరుల వలె తిరుగుతూ, దాని రేణువులు చెదిరిపోకుండా కాస్తున్నట్లు తేలింది. మిరాండా అనే ఉపగ్రహంపై కిలోమీటర్ల ఎత్తుగల కొండచరియలు కనిపించి అందరినీ ఆశ్చర్యపరిచాయి. గ్రహాన్ని దాటిన తరువాత వాయేజర్ వెనుదిరిగి, సూర్యునికి ఎదురుగా ఒక చిత్రం తీసింది. కెమెరా కన్ను 96 సెకన్లు తెరిచి ఉంచి తీసిన ఆ ఒక్క చిత్రంలో, ఖాళీ అనుకొన్న వలయాల సందులలో సన్నని ధూళి పట్టీలు అనేకం మెరిశాయి. కిటికీ సందు నుంచి పడిన ఎండలో ఇంటిలోని దుమ్ము మెరిసినట్లు, వెనుకనుంచి పడిన సూర్యకాంతిలో ఆ ధూళి బయటపడింది. తొమ్మిదేళ్ల క్రితం జావాది కొండలపై ఒక రేఖలోని తగ్గుదలగా నమోదైన నీడ ఆ విధంగా ఛాయాచిత్రమై ప్రపంచం ఎదుట నిలిచింది. దానిని చూడడానికి బప్పు లేరు.

ఫలాన్ని కళ్లారా చూడలేకపోయినా, ఆ ఫలానికి దారి వేసినవారి శ్రమ వృథా కాదు. నైనితాల్, కావలూరులలో బప్పు నెలకొల్పిన వేధశాలలు ఎందరో యువ శాస్త్రజ్ఞులకు విద్యాలయాలయ్యాయి. 1988లో కావలూరు నుంచే ఒక చిన్నగ్రహాన్ని కనుగొని, దానికి గణితమేధావి రామానుజన్ పేరు పెట్టారు. గురు, కుజ గ్రహాల నడుమ తిరిగే మరొక చిన్నగ్రహం వైను బప్పు పేరు ధరించింది. హైదరాబాదు వేధశాలలో గాజు పలకలపై చుక్కలు చూస్తూ పెరిగిన బాలుని పేరు చివరకు ఆకాశంలోనే నిలిచింది.

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వైను బప్పు జీవిత విశేషాలను వివరించండి.
2. యురేనస్ వలయాల ఆవిష్కరణలో కావలూరు వేధశాల పాత్రను తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. నిజామియా వేధశాల వాతావరణం బాలుడైన బప్పును ఎట్లా ప్రభావితం చేసింది?
2. దక్షిణ భారతంలో వేధశాల ఆవశ్యకతను అగస్త్య నక్షత్రం ఉదాహరణతో వివరించండి.
3. యురేనస్ వద్ద ఛాయాచిత్రాలు తీయడంలోని ఇబ్బందులేవి? వాటిని ఎట్లా అధిగమించారు?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బప్పు తోకచుక్కను ఏ సంవత్సరంలో కనుగొన్నారు?
2. విల్సన్-బప్పు ప్రభావం దేనిని నిర్ణయించడానికి ఉపకరిస్తుంది?
3. కావలూరు వేధశాలకు బప్పు పేరు ఎప్పుడు పెట్టారు?